నమస్కారం మానేసిన బొమ్మ

మా లెక్కల మేడమ్ చనిపోయిన సంగతి నాకు చేతులు జోడించిన బొమ్మల వరస మధ్యలో తెలిసింది. పొద్దున బస్సులో కూర్చుని ఫోను తెరిస్తే బడి వాట్సాప్ గ్రూపులో కమిటీ అధ్యక్షుడి సందేశం ఉంది. పూజ్యులు, వందనీయులు, విద్యాదాత అని బిరుదులు, వాటి కింద ఓం శాంతి, దాని కింద నమస్కారం బొమ్మలు. ఆ కింద ఇంకొకరివి, ఆ కింద మరొకరివి. వేలితో తోసేకొద్దీ చేతులే వచ్చాయి. ఆమె ఎప్పుడు పోయారు, ఎట్లా పోయారు, దహనం ఎన్నింటికి అన్నది ఒక్కరూ రాయలేదు. పావగడ బస్టాండులో దిగి ఆమె తమ్ముడికి ఫోను చేసి నేనే కనుక్కున్నాను. తుమకూరు ఆసుపత్రిలో, తెల్లవారకముందే, నిద్రలోనే గుండె ఆగిపోయిందని చెప్పాడు.

ఆ వరసను చూసి ఉంటే ఆమె ఏమనేవారో నాకు తెలుసు. ఒకసారి నా ఫోనులో అలాంటి బొమ్మ కనబడితే కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి, ఇది పంపినవాడి చేతులు ఇప్పుడెక్కడున్నాయి అని అడిగారు. ఫోను పట్టుకుని ఉంటాయి అన్నాను. "మరి ఈ చేతులు ఎవురివి?" అన్నారు.

నేను ఆమె దగ్గర లెక్కలు నేర్చుకున్నదాన్ని. ఇప్పుడు అదే హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. వల్లూరు దాటాక సోలార్ ప్యానెళ్ళ పొలాల అంచున ఉంటుంది ఆ బడి ఉన్న ఊరు. పేరు రాయను. రాస్తే అధ్యక్షుడు ఈ పేజీకి కూడా ఫ్రేము కట్టించి స్టాఫ్ రూములో తగిలిస్తాడు. ఒకప్పుడు బడి కిటికీలోంచి చూస్తే వేరుశనగ చేలు కనబడేవి. ఇప్పుడు నల్లటి అద్దాలు కనబడతాయి. మా పిల్లల అమ్మలు ఆ అద్దాలు కడుగుతారు. నాన్నలు గేట్ల దగ్గర సెక్యూరిటీ యూనిఫారం వేసుకుని నిలబడి, వచ్చే కారుకూ పోయే కారుకూ సలాము కొడతారు. ఆ నేల మొన్నటిదాకా వాళ్ళదే.

మేడమ్ గొప్ప మనిషి అని సంతాపసభలో అందరూ అన్నారు. నాకు తెలిసి ఆమె కోపిష్ఠి మనిషి. తప్పు లెక్క కనబడితే పంటినొప్పి వచ్చినట్టు ముఖం పెట్టేవారు. ఎవరినీ మెచ్చుకునేవారు కాదు. నేను బియస్సీ ఫస్టుక్లాసులో పాసయ్యానని మిఠాయి తీసుకుపోతే, ఒక ముక్క తిని, చక్కెర ఎక్కువైందన్నారు. కానీ ఆ రోజు నన్ను సాయంత్రం దాకా కూర్చోబెట్టుకుని, పిల్లలకు భిన్నాలు ఎట్లా చెప్పాలో ఒక కొబ్బరికాయ పగలగొట్టి చూపించారు. నేనింకా టీచరును కాకముందే ఆమె నన్ను టీచరుగా లెక్కేసుకున్నారు. ఆమె మెచ్చుకోవడం అట్లా ఉండేది, మిఠాయి బాగుందనడంలో ఉండేది కాదు.

బోర్డు మీద గీత గీస్తే మొదట సున్నా పెట్టేవారు. మిగతా అంకెలన్నీ తర్వాతే. "సున్నా యాడుండాదో తెలీనోడికి కొలబద్ద ఎందుకప్పా?" అని మా క్లాసులో ఎంతమందిని అడిగి ఉంటారో. ఆమె దగ్గర అన్నిటికన్నా పెద్ద తిట్టు సున్నా లేని మనిషి అన్నది. తాలూకాఫీసులో సగం మందిని, మా హెడ్ మాస్టర్లలో ఇద్దరు ముగ్గురిని, ఇప్పటి అధ్యక్షుణ్ణి ఆమె ఆ పేరుతోనే పిలిచేవారు. అధ్యక్షుడు కూడా ఆమె దగ్గర చదివినవాడే. ఆ సంగతి ఆయన ప్రతి మైకులోనూ చెబుతాడు. ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

దండలంటే ఆమెకు ఒళ్ళు మంట. రిటైరైన రోజు మెడలో వేసిన బంతిపూల దండను సభ నడుస్తుండగానే తీసేసి, బయటికి వచ్చి, బడి గోడ పక్కన కట్టేసి ఉన్న మేకకు పెట్టారు. లోపల అధ్యక్షుడు ఆమె సేవల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. మేక తినేదాకా అక్కడే నిలబడి, తర్వాత నడిచి ఇంటికి వెళ్ళిపోయారు.

అలాంటి మనిషి ఆఖరి నెలలు ఒక మూరెడు రోబో బొమ్మతో గడిచాయి.

ఆ బొమ్మ కిట్టు బడికి ఒక కంపెనీ వాళ్ళ కానుకగా వచ్చింది. పెట్టెలో అల్యూమినియం బద్దలు, వేలెడేసి మోటార్లు, ఒక బోర్డు, బ్యాటరీ, కందిగింజంత స్క్రూలు, ఎట్లా బిగించాలో బొమ్మలతో చూపే ఒక కాగితం ఉన్నాయి. పిల్లలే బిగించుకోవాలని పెట్టె మీద కూడా పిల్లల బొమ్మలే వేసి ఉంది. మా కమిటీ ఆ పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పిల్లలను దూరంగా నిలబెట్టి, పావగడ నుంచి కంప్యూటర్ షాపతన్ని పిలిపించింది.

ఆ పనిలో కీలకం ఒకటుంది. ప్రతి మోటారుకూ తిరగడానికి ఒక మధ్య ఉంటుంది. కరెంటు ఇవ్వగానే అది ఆ మధ్యకు వచ్చి ఆగుతుంది. అట్లా ఆగినప్పుడు బొమ్మ చేతులు కిందికి వదిలి, కాళ్ళు నిటారుగా పెట్టి స్క్రూలు బిగించాలి. నిటారుగా నిలబడిన మనిషే దాని సున్నా. నడిచే ప్రోగ్రాం మొత్తం ఆ సున్నా నుంచే లెక్క కట్టుకుంటుంది. షాపతనికి ఈ సంగతి తెలుసు, పాపం అతని తప్పేమీ లేదు. అధ్యక్షుడు కుర్చీ వేసుకుని పక్కన కూర్చుని ఇట్లా చెప్పాడు: "చేతులు జోడించి, నడుము వంచి బిగించప్పా. స్విచ్ వేస్తానే నమస్కారం పెట్టల్ల. మళ్ళ మళ్ళ చెప్పే పని ఉండగూడదు."

షాపతను అట్లాగే బిగించాడు. వంగి దండం పెట్టడమే ఆ బొమ్మకు సున్నా అయిపోయింది.

కంపెనీ నుంచి పెద్దమనిషి వచ్చిన రోజు స్విచ్ వేశారు. బొమ్మ నడుము వంచి చేతులు జోడించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన పాపం మంచివాడు, ఇది నడుస్తుందా అని అడిగాడు. నడిపించారు. వంగి ఉన్న మనిషికి నిలబడిన మనిషి అడుగులు చెబితే ఏమవుతుంది? ఒక కాలు ఎత్తి, బోర్లా, ఆయన బూట్ల ముందు పడింది. పడి కాళ్ళు కొట్టుకుంటోంది. అధ్యక్షుడు మైకు అందుకుని, చూడండి, మన సంస్కారం యంత్రానికి కూడా ఎక్కింది, అతిథికి సాష్టాంగం చేస్తోంది అన్నాడు. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. కొట్టినవాళ్ళలో నా తోటి టీచర్లూ ఉన్నారు. అది పడిపోయిందని వాళ్ళకు తెలియక కాదు. అధ్యక్షుడు సాష్టాంగం అన్నాడు కాబట్టి అది సాష్టాంగమే.

ఆ తర్వాత బొమ్మను గాజు తలుపుల బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి అధ్యక్షుడు జేబులో వేసుకున్నాడు. ఎవరైనా అతిథి వస్తే తీసేవారు, దండం పెట్టించి, పడేయించి, మళ్ళీ పెట్టేసేవారు. పదో తరగతి పిల్లలు ముక్కులు అద్దానికి ఆనించి చూసేవాళ్ళు. అద్దం మీద వేలిముద్రలు పడుతున్నాయని వాళ్ళను తిట్టేవాళ్ళు.

మేడమ్ దాన్ని మొదట చూసింది జెండా పండగ రోజు. పాత టీచర్లను పిలిచి శాలువా కప్పే పద్ధతి ఒకటుంది మా బడిలో. శాలువా కప్పించుకోకుండా ఆమె నేరుగా బొమ్మ దగ్గరికి వెళ్ళారు. అప్పుడే ఎవరి కోసమో స్విచ్ వేసి ఉంచారు. వంగి చెవి దగ్గర పెట్టి విన్నారు, వాసన చూశారు. ఆ జోడించిన చేతులను వేలితో తాకి చటుక్కున తీసేశారు. "రెండు అరచేతులూ ఒకదాన్నొకటి తోసుకుంటా ఉండాయి. ఏదీ వెనక్కి పోదు. మోటార్లు కాలిపోతాయి" అన్నారు నాతో. తర్వాత అధ్యక్షుణ్ణి పిలిచి, దీన్ని విప్పి పిల్లల చేతికియ్యి, నడిచేట్టు వాళ్ళే బిగించుకుంటారు అన్నారు.

ఆయన నవ్వాడు. నడిచేందుకు మనుషులున్నారు గదా మేడమ్, ఇది నమస్కారం పెడుతుంది, పేపర్లో కూడా పడింది, అది చాలదా అన్నాడు.

మేడమ్ కిటికీలోంచి బయటికి చూశారు. రోడ్డు అవతల ప్యానెళ్ళ గేటు దగ్గర మా ఊరి రైతు ఒకాయన, యూనిఫారంలో, వస్తున్న కారుకు సలాము కొడుతున్నాడు. "ఈ తాలూకాలో వంగే మనుషులకు కొదవ వచ్చినాదా?" అన్నారు. "బొమ్మ గూడా వంగల్లా?"

ఆయనకు ఆ మాట ఎక్కలేదు. ఆయనకు ఏ మాటా ఎక్కదు, దండతో పాటు చెబితే తప్ప. తాళంచెవి ఇవ్వలేదు. ఆ రోజు నుంచి మేడమ్‌కు ఒకటే పట్టుదల. ఆ బొమ్మ బీరువాలోంచి బయటికి రావాలి, పిల్లల చేతుల్లో నిటారుగా నడవాలి, తను చూడాలి. అప్పటికే ఆమెకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. డాక్టర్లు చెప్పిన మాట ఆమె ఎవరికీ చెప్పలేదు, తమ్ముడు నాకు చెప్పాడు.

చివరికి బొమ్మే దారి చూపించింది. మేడమ్ చెప్పినట్టే కుడి మోచేతి మోటారు కాలిపోయింది. ఎవరో పెద్ద ఆఫీసరు వచ్చిన పూట స్విచ్ వేస్తే కుడిచెయ్యి వేలాడుతూ ఉండిపోయింది, ఎడమచెయ్యి ఒక్కటే పైకి లేచింది. ఎడమచేత్తో దండం! ఆఫీసరు ముఖం మాడ్చుకున్నాడు. పిల్లలు బొమ్మను తాకలేక అద్దానికి ముక్కులు ఆనించుకున్న రోజుల్లో రాని సిగ్గు అధ్యక్షుడికి ఆ పూట వచ్చింది. సాయంత్రం బొమ్మను టవల్లో చుట్టుకుని మేడమ్ ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. నమస్కారం సరిచేసి ఇవ్వండి మేడమ్ అని బతిమాలుకున్నాడు.

"సరిచేస్తాలే. పెట్టి పో" అన్నారు మేడమ్.

బడి అయిపోగానే పదో తరగతి పిల్లలు, నేను ఆమె వసారాలో చేరేవాళ్ళం. మొదట మొత్తం విప్పించారు. కాలిన మోటారు బదులు షాపతని దగ్గర కొత్తది తెప్పించారు. ఒక్కో మోటారునూ మధ్యకు తెచ్చి, బద్దను నిటారుగా పెట్టి, మళ్ళీ బిగించడం. స్క్రూలు వేసిన స్టీలు పళ్ళెం పక్కనే వేయించిన శనక్కాయల పళ్ళెం ఉండేది. ఒకరోజు మేడమ్ పంటికింద స్క్రూ పడింది. దాన్ని ఉమ్మి, కడిగి, ఇది ఎడమ మోకాలిది, మీలో ఎవరు ఇక్కడ పెట్టారు అని అందరినీ తిట్టారు. అది ఆమె పెట్టిందే.

నిలబడిన తర్వాత కష్టాలు మొదలయ్యాయి. స్విచ్ వేస్తే జ్వరం వచ్చినట్టు వణికేది. ప్రోగ్రాం తప్పని నేను, స్క్రూలు వదులని పిల్లలు వాదించుకున్నాం. చూస్తే, బడిలో చార్జింగుకు పెట్టి తెచ్చిన బ్యాటరీ సగం కూడా నిండలేదు. ఎందుకు నిండుతుంది? బడి కిటికీలోంచి చూస్తే కనుచూపు మేర కరెంటు పండించే పొలాలు, మా బడి ప్లగ్గులో మాత్రం మధ్యాహ్నానికి కరెంటు ఉండదు. ఆ కరెంటు ఎక్కడికి పోతుందో మాకు తెలీదు. మా మీదుగానే పోతుంది. అప్పటినుంచి పిల్లలు బ్యాటరీని మేడమ్ ఇంట్లోనే రాత్రి చార్జింగుకు పెట్టేవాళ్ళు.

వణుకు తగ్గాక ఇంకొకటి. ఎడమకు ఒరగమంటే కుడికి ఒరిగి పడేది. మేడమ్ వైర్లన్నీ కరెక్టని పట్టుబట్టారు, తానే తగిలించారు కాబట్టి. పిల్లలను అన్నారు, నన్ను అన్నారు, బొమ్మను అన్నారు. తర్వాత ఒక సాయంత్రం కాగితాన్ని ఎదురుగా పెట్టుకుని చాలాసేపు చూసి, కళ్ళద్దాలు తీసేశారు. కాగితంలో బొమ్మ మనవైపు తిరిగి ఉంటుంది. దాని ఎడమను ఆమె తన ఎడమ అనుకున్నారు. చీలమండల వైర్లు రెండూ తారుమారు. "సున్నా లేని మనిషిని నేనే గదమ్మే" అన్నారు. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను చూసింది అదొక్కసారే. ఎంత నవ్వారంటే ఆయాసం వచ్చి నీళ్ళు తాగించాల్సి వచ్చింది.

మర్నాడు అది నడిచింది. వసారా బండల మీద, పాకుడు నేలమీద ముసలమ్మ నడిచినట్టు, ఒక్కో అడుగే వేస్తూ కొంతదూరం పోయి, బండల సందులో కాలు తగిలి పడింది. పిల్లలు లేపడానికి ఉరికితే మేడమ్ చెయ్యి అడ్డం పెట్టారు. "పడేది ఎవురూ నేర్పే పన్లేదు. లేసేది నేర్పండి" అన్నారు. అంతే, ఇంక అదే పని. బోర్లా పడితే అరచేతులు నేలకు ఆనించి, మోకాళ్ళు లోపలికి లాక్కుని, బరువు వెనక్కి వేసుకుని లేవాలి. ఒక కదలిక సరిపోతే ఇంకొకటి సరిపోయేది కాదు. సగం లేచి మళ్ళీ బోర్లా పడేది. అది పూర్తికాకముందే మేడమ్‌ను తుమకూరుకు తీసుకుపోయారు.

ఆసుపత్రికి వెళ్ళి చూశాను. ముక్కుకు గొట్టం ఉంది. నా క్షేమం అడగలేదు, తన సంగతి చెప్పలేదు. లేచిందా అని అడిగారు. ఇంకా లేదన్నాను. మోచేయి ముందు చాచి, మోకాలు తర్వాత లాగమని చెప్పారు. కాసేపు ఊపిరి తీసుకుని, నా చెయ్యి పట్టుకున్నారు. "దాంట్లో నమస్కారం పెట్టొద్దు పాపా. ఎవురు అడిగినా పెట్టొద్దు. నేను పోయినాక వాళ్ళు అడుగుతారు" అన్నారు.

అడిగారు. దహనమై వారం కాకముందే అధ్యక్షుడు స్టాఫ్ రూముకు వచ్చాడు. సంతాపసభ పెడుతున్నామని, ఫోటోకు దండ తానే తెస్తున్నానని, బొమ్మ మేడమ్ ఫోటో ముందు వంగి దండం పెడితే జనం కళ్ళనీళ్ళు పెట్టుకుంటారని చెప్పాడు. షాపతన్ని పిలిపిస్తా, పాతట్లనే బిగించమందాం, ఒక్కరోజుకే గదా అన్నాడు. మా తాలూకాలో ఒక్కరోజుకే అంటే ఎప్పటికీ అని అర్థం. బతికినన్నాళ్ళూ ఆమె ఒప్పుకోనిదాన్ని ఆమె ఫోటో ముందే చేయిస్తానంటున్నాడే, కొంచెమైనా ఎరుక లేదా ఈ మనిషికి అని నాకు ఒళ్ళు మండిపోయింది. షాపతను అక్కర్లేదు, బొమ్మ సంగతి నేనూ పిల్లలూ చూసుకుంటాం అన్నాను. ఆయన సంతోషంగా వెళ్ళిపోయాడు.

సభలో ఆమె గురించి చాలా చెప్పారు. ఆమె శాంతమూర్తి అన్నారు. అందరికీ వినయం నేర్పిన తల్లి అన్నారు. వెనకబెంచీలో పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత అధ్యక్షుడు అందరినీ లేచి నిలబడి చేతులు జోడించమన్నాడు. హాలంతా తలలు వంచింది. ఫోటో పెట్టిన పొడుగాటి బల్ల మీద, ఆ చివర బొమ్మను నిలబెట్టి పిల్లలు స్విచ్ వేశారు.

మోటార్లు ఒక్కసారి గుర్రుమన్నాయి. బొమ్మ తన మధ్యకు వచ్చింది. చేతులు పక్కలకు, తల ఎత్తి, నిటారుగా నిలబడింది. ఆ హాలులో వంగకుండా ఉన్నది అదొక్కటే. అధ్యక్షుడు కళ్ళు తెరిచి నావైపు చూశాడు. బొమ్మ నడిచింది. ఫోటో దగ్గరికి వచ్చేసరికి బల్ల మీది గుడ్డ మడతలో కాలు తగిలి బోర్లా పడింది.

అధ్యక్షుడి ముఖం విప్పారింది. మైకు అందుకుని, గురువుకు సాష్టాంగం అన్నాడు. జనం చప్పట్లు మొదలుపెట్టారు.

బొమ్మ మోచేతులు ముందుకు చాచింది. అరచేతులు బల్లకు ఆనించింది. మోకాళ్ళు లోపలికి లాక్కుంది, ఒకసారి వెనక్కి తూలింది. పిల్లలెవరూ కదల్లేదు. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అది లేచి, ఫోటోకు ఎదురుగా నిటారుగా నిలబడింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె చూడాల్సింది ఇదే.

సభ అయ్యాక అధ్యక్షుడు బీరువా తాళంచెవి తీసి పట్టుకుని బొమ్మ కోసం వెతికాడు. పిల్లలు దాన్ని అప్పటికే క్లాసుకు ఎత్తుకుపోయారు. ఖాళీ బీరువా తెరిచి, చూసి, మళ్ళీ తాళం వేసుకున్నాడు. అలవాటు.

నేను మేడమ్ ఫోటో మీద దండ తీసి బయటికి తెచ్చాను. బడి గోడ పక్కన మేక కట్టేసి ఉంది. అప్పటి మేక కాదు, దాని మనవరాలో ఎవరో. దండ ముందు పడేశాను. క్లాసులోంచి మోటార్ల చప్పుడు, దబ్బున పడిన చప్పుడు, కాసేపటికి మళ్ళీ మోటార్ల చప్పుడు వినిపించాయి. మేక తలెత్తి ఒకసారి అటు చూసి, బంతిపూలు నమలడంలో పడింది.